మూడో చుట్టు

ఆ పొద్దు నేను పోగొట్టుకున్నవాటి లెక్క ముందు చెబుతాను. ఒక బావి. ఆ బావి తవ్విన తొమ్మిదేళ్ల చాకిరీ. ఆ చాకిరీ చేసిన మా నాయన పరువు. నా నోటితో నేనే మూడుసార్లు అన్న "ఒప్పుకుంటా" అనే మాట. నా తల చుట్టూ గాలిలో తిరిగిన జపమాల, మూడు చుట్లు. నవ్విన నోళ్లు పదకొండు అని మొదట లెక్కేసినాను. వాటిలో గురువుగారిది నవ్వు కాదు, దగ్గు అని తర్వాత ఆయన పక్కన కూర్చున్న, నాతో చదువుకునే టైలరన్న చెప్పినాడు. కాబట్టి పది. నాది కాని దాన్ని నా ఖాతాలో వేసుకునే అలవాటు నాకు లేదు.

ఇది జరిగింది చిలమత్తూరు దాటినాక గుట్ట మీద ఉండే ఒక బౌద్ధ విహారంలో. కర్ణాటక వైపు నుంచి వచ్చిన భిక్షువులు కట్టుకున్నది. చుట్టూ గరుసు నేల, కానుగ చెట్లు, గాలికి పీలికలైపోయిన రంగు జెండాలు. లోపల తత్వం చదువుకునే బడి ఉంది. భిక్షువులకు ఏడాది పొడుగునా చదువు, మా బోటి బయటివాళ్లకు చలికాలంలో మాత్రం.

నేను అక్కడికి చదువు కోసం పోలేదు. భూమి కొలవడానికి పోయినాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కొలతలు, వాటాలు, వడ్డీలు నాకు నేనే నేర్చుకున్నాను. అన్నదమ్ములు విడిపోతే కొలత గొలుసు పట్టుకొని పోయి పాళ్లు తేల్చేది నా పని. ప్రహరీ గోడ కట్టాలని విహారం వాళ్లు పిలిపించినారు. గొలుసు పరుస్తుంటే వెనక పెరట్లో అరుపులు, చప్పట్లు. ఎవరో కొట్టుకుంటున్నారనుకొని పరిగెత్తినాను. చూస్తే ఎర్రగుడ్డల భిక్షువులు జంటలు జంటలుగా ఉన్నారు. ఒకడు చాప మీద కూర్చున్నాడు, ఇంకొకడు ఎదురుగా నిలబడి కాలు నేలకు కొట్టి, చెయ్యి మీద చెయ్యి చరిచి ప్రశ్న వేస్తున్నాడు.

"ఏం తగాదా సామీ?" అని అడిగినాను.

"తగాదా కాదు, లెక్క," అన్నాడు గెషే. తత్వం పూర్తిగా చదివి పట్టా పొందిన భిక్షువును అక్కడ గెషే అంటారు, గౌరవంగా పిలిచేటప్పుడు గెషే-లా. మా గురువుగారు ఆయనే. తెలుగు వచ్చు, కాకపోతే సగం కన్నడం మీదుగా వస్తుంది. "ఇక్కడ ఏ మాటా ఊరికే పోదు. నిలబడాల, లేదంటే పడిపోవాల."

నాకు కావలసింది అదే. ఊళ్లలో నేను తేల్చిన పాళ్లను అరిచేవాడు ఒప్పుకోడు, ఒప్పుకున్నవాడు తెల్లారేసరికి మాట మారుస్తాడు. మాట మారిస్తే పడిపోయే చోటు ఒకటుందని తెలిసినాక ఇంట్లో కూర్చోలేకపోయినాను. "ఏమబ్బా, తలలో తెల్ల వెంట్రుకలు ఏసుకోని బడికి పోతావా?" అన్నది మా ఇంటిది. "పో. గుండు కొట్టిచ్చుకోని వస్తే మాత్రం గడప తొక్కనియ్యను."

వాదానికి నియమాలు కొన్నే. కూర్చున్నవాడికి నాలుగే జవాబులు: ఒప్పుకుంటా, ఎందుకు, కారణం నిలవదు, వ్యాప్తి లేదు. ఎందుకు అంటే ఒప్పుకోను, కారణం చెప్పు అని. చివరిదానికి అర్థం, నువ్వు చెప్పిన కారణం నిజమే గానీ దాన్నుంచి నువ్వు అన్నది తేలదు అని. కథలు చెప్పకూడదు, కోప్పడకూడదు. తన మాటతో తానే చిక్కుకున్నప్పుడు నిలబడినవాడు జపమాలను కూర్చున్నవాడి తల చుట్టూ తిప్పి "అయిపాయ!" అని అరుస్తాడు. ఒక్కో చిక్కుకు ఒక్కో చుట్టు. మూడు పూర్తయితే ఆ వాదం ముగిసినట్టు. దాన్ని ఇంక ఎవరూ తిరగదోడకూడదు.

నాతో పాటు చదువుకు వచ్చిన బయటివాళ్లలో ఒక మనిషిని మొదటి రోజే గుర్తుపట్టినాను. నాకంటే పదేళ్లు పెద్ద, రాప్తాడు వైపువాడు. ఒకప్పుడు బోరు బండ్ల ఏజెంటు. జలలు దొరకడం మానేసినాక బండ్లు అమ్మేసి, మనశ్శాంతి కావాలని ఇక్కడికి వచ్చినాడట. మాటకారి. "భూమికి నేను పొడిచినన్ని చిల్లులు ఎవురు పొడిచినారప్పా? శూన్యం గురించి గెషేకంటే నాకే ఎక్కువ తెలుసు," అని అందరినీ నవ్వించినాడు. నావైపు తిరిగి, "మీదే ఊరన్నా?" అన్నాడు. అక్కడ పెద్దాచిన్నా లేకుండా అందరమూ అందరికీ అన్నలమే.

"శింగనమల చెరువు పక్క."

"ఓ, ఆ పక్క శానా బోర్లు ఏసినా," అన్నాడు సంతోషంగా.

ఎన్ని వేసినాడో నాకు తెలుసు. మా చేను చుట్టూ పదిహేడు.

మా నాయన బావి ఆరు నిలువుల లోతు. గడ్డపారతో, చలగపారతో, బండ అడ్డం వచ్చిన చోట మంట పెట్టి నీళ్లు చల్లి పగలగొట్టి, తొమ్మిది ఎండాకాలాలు తవ్వినాడు. మట్టి ఎత్తింది మా అమ్మ. జల పడిన పొద్దు ఆయన పైకి రాలేదు, ఆ నీళ్లలోనే కూర్చుండిపోయినాడు. తర్వాత కపిల కట్టి ఎద్దులతో తోడినాడు. ఊరు ఎండిన ఏడు కూడా మా బావిలో ఒక నిలువు నీళ్లు ఉన్నాయి.

అట్లాంటి బావి గట్టు మీద ఈ మనిషి ఒక మధ్యాహ్నం కూర్చొని మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగినాడు. అప్పటికి నాకు మీసాలు మొలుస్తున్నాయి. "ఇంకెన్నాళ్లప్పా ఈ బావి? రెండేండ్లలో ఎండుతాది. ఇప్పుడే బోరు ఏయిచ్చుకో," అన్నాడు. "నా బావికేం కాదు, నువ్వు మజ్జిగ తాగిపో నాయనా," అన్నాడు మా నాయన. ఆయన వేయించుకోలేదు. చుట్టూ అందరూ వేయించుకున్నారు. పదిహేడోది మా గట్టుకు నలభై అడుగుల దూరంలో. సరిగ్గా రెండేళ్లకు బావి ఎండింది. మాట నిలబెట్టుకున్నాడు.

ఆ తర్వాత మా నాయన రోజూ బావిలోకి దిగేవాడు. అడుగున నిలబడి గోడను చేత్తో తట్టి చూసి, పైకి వచ్చి సంగటి తినేవాడు.  ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఇక ఆ పొద్దు సంగతి. వస్తువుకు తనదైన స్వభావం లేదనేది పాఠం. పుస్తకంలో ఉదాహరణ బండి: చక్రం బండి కాదు, ఇరుసు బండి కాదు, మరి బండి ఎక్కడుంది అని వెతుకుతారు. "మీ ఇంటి నుంచి ఏదైనా తెచ్చి వెతకండి," అన్నాడు గెషే. టైలరన్న కుట్టు మిషను తెచ్చినాడు, మాటల్లోనే. ఇంకొకాయన గొంగడి. నేను బావి తెచ్చినాను. అందులో గర్వం కూడా ఉంది. అంతమంది ముందర మా నాయన బావి గురించి చెప్పే వీలు దొరికిందనుకున్నాను. చాప మీద కూర్చున్నాను. ఎదురుగా నిలబడడానికి బోరు ఏజెంటు తనంతట తానే లేచి వచ్చినాడు.

కాలు నేలకు కొట్టి చప్పట చరిచినాడు. "బావంటే గోడకు కట్టిన రాళ్లే?"

"ఎందుకు?"

"రాళ్లు కాకపోతే మట్టా?"

"ఎందుకు?"

"అయితే నీళ్లే. బావిలో నీళ్లుండాయా?"

నీళ్లు లేవు. ఎందుకు లేవో వాడికి తెలియాలి. 

"నీళ్లూ కాదు. రాళ్లు కాదు, మట్టి కాదు, నీళ్లు కాదు. మట్టి తీసేస్తే మిగిలిన ఖాళీనే బావి!"

ఆలోచించినాను. లెక్క సరిపోయింది. "ఒప్పుకుంటా."

"ఖాళీ అంటే ఏమీ లేకపోవడం!"

"ఒప్పుకుంటా."

మాల ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. "అట్లయితే మీ నాయన తొమ్మిదేండ్లు చెమటోడ్చి తవ్వింది ఏమీ లేకపోవడాన్ని! పాపం పెద్దాయన, తవ్వకుండా ఇంట్లో పండుకున్నా అదే మిగిలేది కదన్నా?"

అప్పుడు నవ్వినారు, పది మంది. కూర్చున్నవాడు ఆలస్యం చేస్తే చుట్టూ ఉన్నవాళ్లు "చెప్పు, చెప్పు" అని తొందర పెట్టడం అక్కడి పద్ధతి. చెప్పు, చెప్పు అన్నారు. ముందు రెండు మాటలూ ఒప్పుకున్నాను. మూడోది కాదనడానికి నాలుగు జవాబుల్లో ఒక్కటీ నాకు దొరకలేదు.

"ఒప్పుకుంటా."

మూడో చుట్టు. "అయిపాయ!"

సాయంత్రం గెషే నా పక్కన కూర్చొని, "పోతే ఏడ్చే వస్తువును చాప మీదికి తేవద్దు. అది మా దగ్గర పాత మాట," అన్నాడు.

"ముందు చెప్పింటే బాగుండు కదా, గెషే-లా."

"ముందు చెబితే ఎవరూ ఏమీ తేరు," అన్నాడు.

ఇంటికి వచ్చినాక బావి దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు. పోయినా ఏమని చెప్పాలి? నాయనా, నువ్వు తవ్వలేదంట, నేనే ఒప్పుకొని వచ్చినాను అనా? ఆ ఏడాదంతా నాకు ఒకటే పని. ఆ మనిషిని అదే చాప మీద కూర్చోబెట్టాలి, అదే పది మంది ముందర. మూడుసార్లు వాడి నోటితో ఒప్పుకుంటా అనిపించాలి: వాడు గెలిచిన మాట తప్పని, బావి ఉండిందని, దాన్ని తీసేసింది వాడేనని. నాకు వాడి క్షమాపణ అవసరం లేదు. నా మాల మూడుసార్లు తిరగాలి, అంతే. వాడు ముగించిన వాదాన్ని తిరగదోడకూడదు గానీ, కొత్త వాదం పెట్టి దాన్ని పడగొట్టవచ్చు. నియమాలు చదివేటప్పుడు నేను మొదట వెతుక్కున్నది ఆ సందే.

దారి నాకు జపమాలలోనే దొరికింది. నూటెనిమిది పూసలు. లెక్కల మనిషిని కాబట్టి చెయ్యి ఊరుకోదు, పూసలు తిప్పుతూ నూటెనిమిది ఏ పూసలో ఉందని వెతికినాను. చివరి పూసలో అందామంటే, అటువైపు నుంచి లెక్కపెడితే అదే మొదటిది. ఏ పూసలోనూ లేదు. అయినా ఒక పూస తెగి పడిపోతే జపం తప్పుతుంది. మరుసటి చలికాలం బడి మొదలైన రోజే పోయి గెషేను అడిగినాను. "వెతికితే దొరకనిది లేనట్టేనా?"

"వెతికితే దొరకదు. వెతకనప్పుడు పని చేస్తాది. బండి దొరకదు, కానీ ఊరికి తీసుకుపోతాది. రెండూ ఒకే చేతిలో పట్టాల. ఒకటి జారితే తత్వం పోతాది, ఇంకొకటి జారితే బుద్ధి పోతాది."

"మరి ఆ పొద్దు ఆయన రెండోదాన్ని జార్చినాడు కదా. మీకు తెలిసి కూడా ఊరుకున్నారా?"

"పట్టుకోవాల్సింది చాప మీద ఉన్నవాడు." నన్ను తేరిపార చూసినాడు. "నీకు చదువు మీద ప్రేమా, ఆయన మీద కోపమా?"

"కోపమే."

"మంచిది, కోపం ఉన్నవాడు పాఠం మర్చిపోడు. కానీ ఆ కోపాన్ని కూడా వెతుకు, యాడుండాదో."

"వెతికినాను గెషే-లా. కానుగ చెట్టు కింద, ఆయన రోజూ కూచునే మూడో చాప మీద కూర్చోని సంగటి తింటాండాది."

ఆయన దగ్గినాడు. ఈసారి అది నవ్వే.

ఆ చలికాలమే నా వంతు వచ్చింది. నిలబడినాను. వాడు చాప మీద కూర్చొని, "రా అన్నా, రా. ఈసారి చెరువు తెచ్చినావా?" అన్నాడు. అదే పది మంది. నేను ముందే చూసుకున్నాను, ఒక్కరు తగ్గినా ఆ పొద్దు మొదలుపెట్టేవాణ్ణి కాదు.

కాలు నేలకు కొట్టినాను. "పోయినేడు నువ్వు గెలిచిన మాట, బావి లేదని. ఈ పొద్దూ అదేనా?"

"ఒప్పుకుంటా."

"వెతికితే దొరకలేదు కాబట్టి లేదు?"

"ఒప్పుకుంటా."

"నీ చేతిలోని మాలను ఏ పూసలో వెతికినా దొరకదు?"

చిక్కు కనబడింది వాడికి. చిన్నగా నవ్వి, "ఒప్పుకుంటా," అన్నాడు.

"కాబట్టి మాల లేదు! మరి పోయినేడు నా తల చుట్టూ తిప్పింది ఏమి? నీ తలపాగానా?"

నవ్వినారు, ఈసారి నావైపు నుంచి. "చెప్పు, చెప్పు!" టైలరన్న గొంతు అందరికంటే పైన ఉంది. వాడు మాలను చూసుకున్నాడు. "మాల ఉండాది. దొరకకపోతే లేనట్టే అన్న నా మాట తప్పు. ఒప్పుకుంటా," అన్నాడు.

మొదటి చుట్టు. 

"పూసల మీద ఆధారపడి మాల ఉన్నట్టు, తవ్విన చేతుల మీద, పడిన జల మీద, తోడిన కపిల మీద ఆధారపడి మా నాయన బావి ఉండింది!"

వాడు కానుగ చెట్టు వైపు చూసినాడు. "ఒప్పుకుంటా."

రెండో చుట్టు. బావి వచ్చేసింది. మా నాయన వచ్చేసినాడు. ఇంక మిగిలింది వాడు.

"ఆధారం తీసేస్తే ఆధారపడింది పోతాది?"

"ఒప్పుకుంటా."

"బావికి ఆధారం జల. జలను లాగేసింది చుట్టూ ఏసిన పదిహేడు బోర్లు. శింగనమల పక్క ఆ పదిహేడూ ఏసింది నువ్వు. కాబట్టి మా నాయన బావిని తీసేసింది నువ్వు!"

అప్పుడు వాడు నా మొహం చూసినాడు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఏళ్ల పైచిలుకు వెనక్కి పోయి ఎవరినో వెతుకుతున్నట్టు ఉన్నాయి కళ్లు. తర్వాత వ్యాపారి గొంతు వచ్చింది.

"కారణం నిలవదు. ఏయిచ్చుకున్నది రైతులు. తోలింది డ్రైవరు. టెంకాయ పట్టుకొని నీళ్లు పడే పాయింటు చూపిచ్చింది ఇంకొకడు. అన్నీ విడదీసి చూడు. అందులో నేను యాడుండా?"

పూసల్లో దాక్కున్నాడు. అందరినీ వేలు పెట్టి చూపించి వాడు మాత్రం మాయమైపోయినాడు. కానీ జవాబు నా నాలుక మీదే ఉంది: నువ్వూ మాల మాదిరే, ఏ పూసలోనూ దొరకవు, అయినా ఉండావు. ఒక్క వాక్యం. కుడిచెయ్యి తల పైదాకా ఎత్తినాను, కాలు లేపినాను.

గంట కొట్టినారు.

అక్కడి భిక్షువులు చక్కెర బదులు ఉప్పు వేసి తాగే టీ వేళ. గంట కొడితే నోట్లో మాట ఉన్నా మింగాలి, అది అక్కడి కట్టుబాటు. మరుసటి రోజు ఆపిన చోటి నుంచే మొదలుపెట్టాలి. అందరూ గిన్నెలు తీసుకొని లేచినారు. నేను ఎత్తిన చెయ్యి దించి పోయి ఉప్పు టీ తాగినాను. ఏడాదిగా ఎదురుచూసినవాణ్ణి, ఒక్క రాత్రి ఎదురుచూడలేనా అనుకున్నాను. తెల్లారేసరికి మూడో చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. మొదటి బస్సుకు పోయినాడు, ఒంట్లో బాగాలేదని చెప్పి.

ఆ తర్వాత రెండు చలికాలాలు రాలేదు. మూడో చలికాలం, బడికి పోతూ నేను చిలమత్తూరు బస్టాండులో దిగితే, టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చొని ఉన్నాడు. సగమైపోయినాడు. హిందూపురం ఆసుపత్రికి పోయి, విహారంలో అందరినీ ఒకసారి చూద్దామని ఇటు వచ్చి తిరిగి పోతున్నాడట. నన్ను చూసి లేవబోయి లేవలేక, "రా అన్నా," అన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"గట్టు మీద కూచోని మజ్జిగ తాగినా," అన్నాడు. "మీయమ్మ ఉప్పు ఎక్కువేసింది. ఆ పొద్దు చాప మీద నీ మొహం చూస్తే, ఆ ఉప్పు నోట్లోకి వచ్చింది."

నేను సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"ఆ బావి ఎండుతాదని నాకు ముందే తెలుసు. తెలిసే ఏసినా. నేనే. ఒప్పుకుంటా." తలపాగా తీసి బల్ల మీద పెట్టినాడు. తల వంచినాడు. "మాల ఉండాది కదా నీ దగ్గర. తిప్పెయ్."

టీ కొట్టతను గ్లాసు పట్టుకొని మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఎవరో పెద్దాయనకు దిష్టి తీస్తారనుకున్నాడేమో. మాల నా జేబులోనే ఉంది. చెయ్యి జేబులోకి పోయింది, పూసలు తగిలినాయి కూడా. తెల్లటి నడినెత్తి, అక్కడక్కడ నాలుగు వెంట్రుకలు. ఒక్క చుట్టుకు ఎంతసేపు పడుతుంది?

చెయ్యి బయటికి తీసినాను, ఖాళీగా.

"ఈడ చెల్లదు," అన్నాను. "చాప మీద కూచోవాల. ఆ పది మంది ఉండాల."

తలెత్తినాడు. "ఏమప్పా నువ్వు! ఇద్దరు సాములు వేరే మఠానికి పోయినారు. టైలరన్న చచ్చిపాయ. యాడినించి తెచ్చేది పది మందిని?"

"నవ్విచ్చింది నువ్వు కదా. నువ్వే తేవాల."

"నేనూ పోతే?"

"అది నీ పక్క లెక్క."

వాడికి కోపం రాలేదు. వచ్చుంటే నాకు బాగుండేది. తలపాగా చుట్టుకొని, "గట్టోడివి. మీ నాయన మాదిరే," అన్నాడు. బస్సు వచ్చింది. కండక్టరు చెయ్యి పట్టుకొని ఎక్కించినాడు. నేను సాయం చెయ్యలేదు.

బడికి పోయి గెషేకు సంగతి చెప్పినాను. "ఆయన తన మాట ఇచ్చేసినాడు. నీ చెయ్యి ఒక్కటే ఆగింది," అన్నాడు ఆయన.

"ఇచ్చింది బస్టాండులో, గెషే-లా. తీసుకున్నది పెరట్లో. తీసుకున్న చోటే ఇవ్వాల."

"పదో మనిషి టైలరు. ఆయన రాడు."

"తెలుసు."

ఇప్పుడూ ప్రతి చలికాలం పోతాను. కానుగ చెట్టు కింద మూడో చాప నేనే పరుస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు దాని మీద కూర్చోబోతే, అది ఒకాయనది, వస్తాడు, అని లేపుతాను. ఇంటి దగ్గర ఉన్నప్పుడు బావిలోకి దిగుతాను. ఆరు నిలువులూ దిగి, అడుగున నిలబడి, గోడ తట్టి చూసి, మా నాయనకు లెక్క అప్పజెబుతాను. రావలసినవి మూడు చుట్లు. వచ్చినవి రెండు.

ఇంకా రావలసింది, ఒకటి.